కొలతల పుస్తకం

రేషను కార్డులో నా పేరు ఒడియాలో ఉంది,
ఒక అక్షరం తప్పుతో.
బడిలో ఒడియా, బ్యాంకులో ఒడియా,
ఆసుపత్రి చీటీ ఇంగ్లీషు.
పర్లాకిమిడిలో యాభై రెండేళ్ళుగా
నీ భాష ఏటని ఏ కాగితమూ నన్నడగలేదు.

మొన్న మధ్యాన్నం కాజాలు కుడుతుంటే
ఫోన్లో ఒక పిల్ల
"బెవర దాలెమ్మగారేనా అండీ?" అంది,
ఒత్తు పొల్లుపోకుండా, ఇంటిపేరుతో సహా.
చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.
పీట మీంచి లేచి నిలబడ్డాను కూడా.

మా యాస కాదు, టీవీ యాస.
మోకాళ్ళ నొప్పికి నూనె ఉందంది.

నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదే!
మిషను తొక్కే కాలు కుంటితే
గిరాకీ పక్క కొట్టుకి పోతుందని
ఇంట్లోనూ అనలేదు.
అర్ధరాత్రి, దుప్పటి ముసుగులో
ఫోనునొక్కదాన్నే అడిగాను.
గోడకి చెప్పుకున్నట్టే అనుకున్నాను.
గోడకి చెవులుంటాయని విన్నాను గానీ
నోరూ ఉంటుందని, ఆ నోటికి రేటుంటుందని
చెప్పినవాళ్ళు లేరు.

మిషనుకి మోటారు పెట్టుకుందామా అని
నా ఫోన్లో చూస్తే పద్దెనిమిది వందల నలభై.
మేనకోడలు నీలవేణి ఫోన్లో
పదహారు వందల తొంభై.
అదే మోటారు. అదే అరుగు. చూరు మీద అదే వాన.
"నీకు అవసరం ఎక్కువని దానికి తెలుసత్తా" అంది.

నేనూ ధర్మరాజుని కాను.
కలెక్టరాఫీసు హెడ్ క్లర్కు భార్య దగ్గర
జాకెట్టుకి ఇరవై ఎక్కువే చెబుతాను.
కానీ ఆవిడ నా ఎదురుగా కూచుంటుంది,
మూతి విరుస్తుంది, పది తగ్గిస్తుంది,
వెళ్తూ వెళ్తూ
పాత జాకెట్టుకి ఊరికే హుక్కులు వేయించుకుపోతుంది.
దీని మొహం ఎక్కడుందని మూతి విరవను?

వారం తిరక్కుండా మళ్ళీ ఆ పిల్లే.
కొలతల పుస్తకం ఫోటోలు తీసి పంపితే
పేజీకి నాలుగు రూపాయలట.
పేర్లూ నంబర్లూ తేటగా కనబడాలట.

నాలుగు నెలల్లో నడుం మూడంగుళాలు తగ్గిన టీచరమ్మ.
చేతులు మోచెయ్యి దాటి పెట్టమని,
ఎందుకో చెప్పని కొత్త కోడలు.
ఒకవైపు రొమ్ము తీసేసిన పాణిగ్రాహి మాస్టారి అక్కగారు,
ఆవిడకి లోపల దూది పెట్టి కుట్టేది నేనే.
నేను అంకెలే రాస్తాను.
మిగతాది టేపుకి తెలుసు,
టేపు నా మెడలో ఉంటుంది.

రెండొందల పన్నెండు పేజీలు.
లెక్క కట్టలేదని అబద్ధమాడను.
ఎనిమిది వందల నలభై ఎనిమిది.

ఆ రాత్రి ఒక్క పేజీ పంపాను.
కొర్రాయి పుణ్యవతి, కాశీనగరం.
ఛాతీ యాభై, నడుము ఇరవై.
అలాంటి మనిషి భూమ్మీద లేదు.
నంబరు, నీలవేణి వాడకుండా పడేసిన సిమ్ముది.

నాలుగు రూపాయలు పడ్డాయి.
మూడోనాటికి పుణ్యవతికి
సన్నబడే పొడి వచ్చింది, లావయ్యే పొడి వచ్చింది,
వరుసగా పెళ్ళి సంబంధాలు వచ్చాయి,
అడగని అప్పు మంజూరైంది.
అన్నీ తెలుగులోనే, గారూ గారూ అంటూ.

నవ్వి నవ్వి నీలవేణికి పొలమారింది.
నా నవ్వు సగంలో ఆగింది.
పుట్టని మనిషికి ఇంత మర్యాద!

పుస్తకాన్ని ముక్కల మూట అడుక్కి తోసి
మిషను ముందు కూచున్నాను.
మోటారు కొనలేదు. కాలు సలుపుతోంది.
టీచరమ్మ జాకెట్టు రేపటికివ్వాలి.
మళ్ళీ ఒళ్ళు చేస్తుందని
నడుం దగ్గర లోపల అంగుళం గుడ్డ వదిలాను,
ఆవిడకి చెప్పకుండా.